గ్లాసు చాటున పళ్లెము: ఇంగ్లండు పల్లె పబ్బుల భోజన చరిత్ర

ఇంగ్లండు పల్లెసీమలను గూర్చి వ్రాసిన గ్రంథకర్తలలో అచటి పబ్బును పొగడనివారు అరుదు. చలికాలపు సాయంకాలమున పొయ్యిలో కాలుచుండు మొద్దులు, పొగకు నల్లబారిన దూలములు, ఇత్తడి సామానుల తళుకు, రైతు, కమ్మరి, పోస్టుమాను ఒక్క బల్లచుట్టును చేరి చెప్పుకొను ఊసులు - ఇవి యన్నియు ఆ వర్ణనలలో కానవచ్చును. కాని ఆ యింటి భోజనమును పొగడిన వ్రాతలు చిరకాలము కానరావు. ఆకలితో తలుపు తట్టిన బాటసారికి ఎండిన రొట్టెయో, చల్లారిన మాంసమో, ఉడికి ఉడికి రంగుమారిన క్యాబేజియో దొరకెడిది. ఒక్కొక్కప్పుడు అదియును దొరకక, "వేళ మించినది, ఇక ఏమియు లేదు" అను మాట మాత్రమే దొరకెడిది. ఇరువదవ శతాబ్ది నడిమి వరకు పల్లె పబ్బు భోజనమనగా ఆ దేశీయులే నిట్టూర్చుట పరిపాటి.

ఇంగ్లీషువారికి వంట రాదు గనుక ఇట్లయినదని పరిహాసముగ చెప్పుట కలదు. అది సరసోక్తి యగును గాని చరిత్ర కాదు. ఆ దేశపు పల్లెలలో మేలైన జున్ను, వెన్న, పందిమాంసము, పండ్లు, కూరగాయలు కొఱవడలేదు. రైతుల యిండ్లలో చక్కని వంట కలదు. ఇంట దొరకు రుచి ఇంటి యెదుటనున్న పబ్బులో ఏల దొరకలేదు అనునదే అసలు ప్రశ్న. దానికి సమాధానము వంటగదిలో లేదు. శాసనములలోను, లైసెన్సులలోను, పన్నులలోను, పబ్బు నడుపువాని రాబడి లెక్కలలోను ఉన్నది. ఆ లెక్కలు మారినప్పుడెల్ల పళ్లెము మారినది.

పబ్బు అనునది "పబ్లిక్ హౌస్" అను పేరునకు కుఱుచ రూపము; పదిమందికి తెఱచియుంచిన ఇల్లు అని అర్థము. పూర్వము ఇంగ్లండులో ఇట్టి ఇండ్లు మూడు తెఱగులుగ నుండెను. బాటసారులకు పడకయు, భోజనమును, వారి గుఱ్ఱములకు మేతయు నొసగునది ఇన్ను. పట్టణములలో ద్రాక్షసారాయి అమ్మునది టావెర్ను. పల్లెలో ఇల్లాలు తాను కాచిన బీరును ముందుగదిలో అమ్ముకొను చిన్నయిల్లు ఏల్‌హౌసు. ఆఱవ ఎడ్వర్డు కాలమున, 1552లో, ఏల్‌హౌసు నడుపుటకు మేజిస్ట్రేట్ల యనుమతి కావలెనని శాసనము పుట్టినది. 1577లో ఎలిజబెత్తు రాణి ప్రభుత్వము పన్ను విధించు నుద్దేశముతో ఈ యిండ్లను లెక్కింపించెను. లెక్క యందిన కౌంటీలలో ఏల్‌హౌసులు సుమారు 14,000, ఇన్నులు 1,600 పైచిలుకు, టావెర్నులు 300 పైచిలుకు. అనగా అన్నము పెట్టవలసిన ఇల్లు ఒకటి యున్నచోట, బీరు పోసినచో పని తీరిపోవు ఇండ్లు ఎనిమిదికి పైగా నుండెను. నేటి పల్లె పబ్బులలో పెక్కింటికి మూలపురుషుడు ఇన్ను కాదు, ఏల్‌హౌసు. ఈ వంశక్రమమును మఱచినచో తరువాతి కథ బోధపడదు.

అయినను ప్రభుత్వము దృష్టిలో ఈ యిండ్ల ధర్మము వేఱుగ నుండెను. మొదటి జేమ్సు రాజ్యారంభమున 1604లో చేయబడిన శాసనము, ఇన్నులకును ఏల్‌హౌసులకును ప్రాచీనమైన ప్రయోజనము దారినపోవు వారిని ఆదుకొని తిండియు నీడయు నొసగుట అనియు, తిండిసామగ్రి నిలువచేసికొనలేని బీదలకు అక్కఱ తీర్చుట అనియు, సోమరులు కూర్చుండి త్రాగుచు ధనమును కాలమును వ్యర్థపుచ్చుట కాదనియు పీఠికలో చెప్పినది. ఇట్లు చెప్పవలసివచ్చినదనగా, అప్పటికే త్రాగుడు ముందునకు వచ్చి తిండి వెనుకకు పోయినదని తెలియుచున్నది. తరువాత మూడువందల యేండ్ల పాటు ఈ శాసనోద్దేశమునకును, బీరు వలన వచ్చు రాబడికిని జరిగిన పెనగులాటయే పబ్బు భోజన చరిత్ర.

తెలుగు పాఠకునకు ఇచట ఒక భేదము స్ఫురింపక మానదు. మన దేశమున బాటసారికి భోజనము పెట్టు వృత్తియు, కల్లు అమ్ము వృత్తియు వేర్వేఱు వాకిళ్లలో నడచినవి. వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామమున ఓరుగల్లు చూడవచ్చిన టిట్టిభసెట్టియు, మంచనశర్మయు పూటకూళ్ళ యింటిలో రూకకు భోజనము దొరకుట నెఱుగుదురు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున పూటకూళ్ళమ్మ నెఱుగని తెలుగువాడు లేడు. పూటకూళ్ళ యింటికి కూడే జీవనాధారము. కూడు చెడినచో బేరము చెడును. ఇంగ్లండు పల్లెలో ఈ రెండు వృత్తులును ఒక్క కప్పు క్రిందికి వచ్చినవి. వానిలో లాభము హెచ్చుగ నిచ్చునది రెండవదానిని అణచివేసినది.

ఇన్నులలో మాత్రము భోజనమునకు గౌరవముండెను. నియమిత వేళకు, నియమిత వెలకు అందఱును ఒక్క బల్లకడ కూర్చుండి తిను భోజనమును అచట "ఆర్డినరీ" అనెడివారు. సంత దినములలో రైతులును వర్తకులును దానికై వచ్చెడివారు. వచ్చిన బాటసారిని తగిన కారణము లేక త్రోసిపుచ్చరాదని ఇంగ్లండు సామాన్యన్యాయము ఇన్ను యజమానిని కట్టడి చేసినది. ఈ కట్టడి ఏల్‌హౌసునకు లేదు.

అయినను న్యాయము తలుపు తెఱపింపగలదు గాని, ఆదరము పుట్టింపజాలదు. 1782లో కార్ల్ ఫిలిప్ మోరిట్జ్ అను జర్మను గ్రంథకర్త ఇంగ్లండును కాలినడకన చూడబయలుదేరెను. ఆ కాలమున మర్యాదస్తుడు బండిలోనో గుఱ్ఱము మీదనో పోవలె. నడచివచ్చినవాడు బిచ్చగాడో, దొంగయో అయి యుండునని ఇన్నుల వారి తలంపు. మోరిట్జ్ డబ్బు చేత బట్టుకొని అడిగినను, విండ్సరు, ఈటను ప్రాంతములలో అతనికి దక్కినవి మొగము చిట్లింపులు, నాసి వసతి, హెచ్చు బిల్లు. నెటిల్‌బెడ్ అను పల్లెలో మాత్రము వంటగది పొయ్యి ప్రక్కను ఆదరముతో కూర్చుండబెట్టిరి. మరునాడు అతడు శుభ్రమైన దుస్తులతో కనబడగనే మర్యాద ఇంకను పెరిగినది. అతని యాత్రాగ్రంథము పల్లె సత్రములలోని నిరాశాభోజనమునకు తొలి ప్రామాణిక సాక్ష్యములలో ఒకటి. పళ్లెములో ఏమి పడవలెనో ఆకలిని బట్టి కాక, అతిథి దిగిన వాహనమును బట్టి నిర్ణయమగుచుండెనని అది తెలుపుచున్నది.

బండ్లలో పోయినవారికైనను సుఖము తక్కువ. మెయిలుబండి ఇన్ను ముందర నిలుచునది కొలది నిమిషములు. సూపు నోట పెట్టరానంత వేడిగ తెచ్చుటయు, అది చల్లారులోపల బండివాడు కొమ్ము ఊదుటయు, సగము తిన్న భోజనమునకు నిండు వెల చెల్లించుటయు ఆనాటి ప్రయాణికుల నోట సామాన్యమైన ఫిర్యాదులు. ఒకమారు వచ్చిన ప్రయాణికుడు మరల రాడు; రాని వానికి రుచి చూపవలసిన అవసరమేమి? ఊరివాడో ప్రతిదినము వచ్చును గాని, వాడు భోజనము ఇంట తిని వచ్చును.

1830వ సంవత్సరము ఈ చరిత్రలో రెండు విధముల మలుపు. ఆ యేట లివర్‌పూలు, మాంచెస్టరు నగరముల నడుమ రైలు నడువసాగెను. తరువాత ఇరువది యేండ్లలో రైళ్లు దేశమంతట వ్యాపించుటతో మెయిలుబండ్లు నిలిచినవి, రహదారి ఇన్నుల లాయములు ఖాళీయైనవి, వంటశాలలు చల్లబడినవి. ఆ యేటనే పార్లమెంటు బీరు శాసనమును చేసినది. జిన్ను అను ఘాటైన సారాయము నుండి జనులను మరల్చుటయు, బీరు వర్తకమున గుత్తాధిపత్యమును తొలగించుటయు దాని యుద్దేశములు. పన్ను చెల్లించు గృహస్థుడెవడైనను రెండు గినీల రుసుము కట్టి, మేజిస్ట్రేటు నడుగకయే తన యింట బీరు అమ్ముకొనవచ్చునని అది అనుమతించినది. ఆఱు నెలలలోపుననే ఇరువదివేలకు పైగా క్రొత్త బీరు దుకాణములు వెలసినవి. పేదవాని ముందుగదిలో పెట్టిన ఈ దుకాణములకు వంటతో పనిలేదు. పొలము పనివాడు తన రొట్టె, ఉల్లిగడ్డ, జున్ను గుడ్డలో మూటగట్టి తెచ్చుకొని, బీరు మాత్రము అచట కొనెడివాడు. 1869 వరకు ఈ స్వేచ్ఛ సాగెను.

ఆపై లైసెన్సులు మరల మేజిస్ట్రేట్ల చేతికి వచ్చి, క్రొత్తవి దొరకుట కష్టమయినది. ఉన్నవాని విలువ పెరిగినది. పెద్ద బ్రూవరీ కంపెనీలు వాటాలమ్మి మూలధనము గూర్చుకొని పబ్బులను వరుసగ కొనసాగినవి. ఇట్లు బ్రూవరీకి కట్టుబడిన పబ్బును "టైడ్ హౌస్" అనిరి. పబ్బు నడుపువాడు యజమాని కాడు, కౌలుదారు. అతడు అమ్మవలసినది ఆ బ్రూవరీ బీరే. ఎన్ని పీపాలు అమ్ముడయ్యెనో కంపెనీ లెక్కించును. ఎన్ని భోజనములు వడ్డించెనో లెక్కింపదు. వంటకై పొయ్యి, పాత్రలు, పనిమనిషి కావలె, మిగిలినది పాడగును. పీపాలోని బీరునకు ఈ బెడద తక్కువ. ఇట్టి యేర్పాటులో భోజనము బాగుగ నుండుటయే వింత.

పల్లె పబ్బునకు ఆకలిగొన్న క్రొత్త అతిథులను మరల తెచ్చినది సైకిలు. 1880, 1890 దశకములలో పట్టణవాసులు సెలవు దినములందు వేలకొలదిగ పల్లెబాటలు పట్టిరి. వారు త్రాగుటకంటె తినుటకై ఆగెడివారు. 1898 అక్టోబరులో సర్రే కౌంటీలోని ఆకం గ్రామమున, హాట్‌బాయ్ అను హోటలునకు లేడీ హార్బర్టన్ సైకిలుపై వచ్చి మధ్యాహ్న భోజనము కోరెను. ఆమె స్త్రీల ఉడుపుల సంస్కరణకై పాటుపడిన ప్రముఖురాలు. సైకిలు త్రొక్కుటకు వీలుగ వదులు లాగు ధరించియుండెను. ఆ దుస్తులతో మర్యాదస్తుల భోజనశాలలో కూర్చుండరాదని యజమానురాలు పలికి, బారు ప్రక్కగది చూపెను. పొగయు, సారాయి వాసనయు నిండిన ఆ గదిలో భోజనము చేయుటకు ఆమె యిష్టపడలేదు. సైకిలు యాత్రికుల సంఘము ఆమె పక్షమున వ్యాజ్యమునకు పూనుకొనెను. 1899 ఏప్రిలులో జరిగిన విచారణలో జూరీ యజమానురాలిని నిర్దోషిగ తీర్మానించెను. భోజనము నిరాకరింపలేదు, వేఱొక గదిలో పెట్టెదననెను గదా అనునది వాదము. అతిథికి అన్నము పెట్టవలెనని న్యాయము చెప్పును. ఎచట, ఎట్లు పెట్టవలెనో చెప్పజాలదని ఆనాడు తేలినది.

శాసనము వలన కానిది జీతపు పద్ధతి వలన కావచ్చునని తలచినవారు కొందఱు అప్పుడే బయలుదేరిరి. స్వీడను దేశమున గోటెన్‌బర్గ్ నగరములో 1865 నుండి, సారాయి లాభము అమ్మువానికి చెందకుండునట్లు ఒక యేర్పాటు నడచుచుండెను. దానిని చూచి చెస్టరు బిషప్పు మొదలగువారు 1896లో పీపుల్స్ రిఫ్రెష్‌మెంట్ హౌస్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించిరి. ఈ సంఘము పల్లె పబ్బులను తీసికొని, జీతముపై మేనేజర్లను నియమించెను. బీరు, సారాయము ఎంత అమ్మినను మేనేజరుకు అదనపు కాసు రాదు. భోజనము, టీ, కాఫీ అమ్మినచో కమీషను వచ్చును. చూచుటకు చిన్న మార్పు. కాని పబ్బు నడుపువాని దృష్టిని గ్లాసు మీదినుండి పళ్లెము మీదికి త్రిప్పుటకు చేసిన ప్రయత్నమది.

ప్రభుత్వమే స్వయముగ బాటసారికి వసతి కల్పించుట ఇంగ్లండునకు క్రొత్త గాని, ఇంగ్లీషువారి పాలనలోని భారతదేశమునకు క్రొత్త కాదు. రహదారుల పొడవున డాకు బంగళాలు కట్టించి, ఖాన్సామాను నియమించినది ప్రభుత్వమే. అచటి భోజనమును గూర్చిన నిరాశ నిఘంటువునకు సైతము ఎక్కినది. హెన్రీ యూల్, మద్రాసు సివిలు సర్వీసునకు చెందిన ఎ. సి. బర్నెల్ కూర్చి 1886లో వెలువరించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో "హఠాన్మరణము" అని అర్థమిచ్చు ఒక ఆంగ్లపదబంధము కలదు. డాకు బంగళాలో నిత్యము వడ్డించు కోడికూరకు అది మాఱుపేరు. అతిథి బండి దిగునప్పటికి ఆవరణలో తిరుగాడుచున్న కోడి, అతడు స్నానము చేసి వచ్చునప్పటికి పళ్లెములో నుండెడిది. ఆ కోడి గట్టిదనమును భారతదేశమున పనిచేసిన ఆంగ్లేయోద్యోగులు తరతరములు చెప్పుకొనిరి. ప్రభుత్వము నడిపినంత మాత్రమున రుచి రాదని వారు అనుభవముతో ఎఱిగినవారే.

అయినను యుద్ధము ఇంగ్లండు ప్రభుత్వమును పబ్బు వ్యాపారములోనికి దింపినది. 1915లో, కర్మాగారములలో పని కుంటుపడుటకు త్రాగుడే కారణమని లాయిడ్ జార్జి తీవ్రముగ ప్రచారము చేసెను. మద్యవ్యాపారమును అదుపులో పెట్టుటకు కేంద్ర నియంత్రణ మండలి యొకటి ఏర్పడెను. ఆ మండలి పబ్బుల వేళలను తగ్గించి, మధ్యాహ్నము కొన్ని గంటలు తలుపులు మూయించెను. అప్పుడే స్కాట్లండు సరిహద్దున గ్రెట్నా వద్ద దాదాపు 9 మైళ్ల పొడవున కార్డైటు మందుగుండు కర్మాగారము లేచినది. దానిని కట్టుటకు వేలకొలది కూలీలును, తరువాత నడపుటకు వేలకొలది స్త్రీలును వచ్చి చేరిరి. కార్లయిలు పట్టణమును, చుట్టుపట్ల పల్లెలును ఆ తాకిడికి తట్టుకొనలేకపోయినవి. 1916లో మండలి ఆ ప్రాంతపు బ్రూవరీలను, పబ్బులను పరిహార మిచ్చి స్వాధీనము చేసికొనెను. ఆ విధముగ ఇంగ్లండు రాజు ప్రభుత్వము కల్లంగడి యజమానియైనది.

మండలి పెక్కు పబ్బులను మూసివేసి, మిగిలినవానిని మార్చెను. 1916 జూలైలో కార్లయిలులో పాత పోస్టాఫీసు భవనమును భోజనశాల గల గ్రెట్నా టావెర్నుగ మార్చి తెఱచిరి. మేనేజర్లందఱును జీతగాండ్రు. బీరుపై కమీషను లేదు, భోజనముపై కలదు. హ్యారీ రెడ్‌ఫర్న్ అను వాస్తుశిల్పి వెలుతురు, గాలి, కూర్చుండుటకు బల్లలు, భోజనపు గదులు ఉండునట్లు ఇండ్లను క్రొత్తగ రూపొందించెను. నిలుచుండి గ్రుక్కలు వేయు బారునకు బదులు, కూర్చుండి తిను గది ముఖ్యమైనది. కార్లయిలులో త్రాగి తిరిగినందుకు శిక్షపడినవారు 1916లో 953 మంది కాగా, 1918 నాటికి 80 మందికి తగ్గిరి. కూలీలు తరలిపోవుటయు, బీరు పలుచబడుటయు, వెలలు పెరుగుటయు ఇందుకు తోడ్పడినవి గనుక కీర్తి అంతయు భోజనమునకే కట్టరాదు. కాని ఇంటి నిర్వాహకుని రాబడి దేనిపై నిలుచునో ఇంటి తీరు దానిని అనుసరించునని ఆ ప్రయోగము చూపినది.

1921 లైసెన్సు శాసనముతో ఈ పబ్బులు హోం శాఖ క్రిందికి వచ్చినవి. అటు తరువాత అర్ధశతాబ్ది కాలము, ఆ మారుమూల పల్లెలలో బీరు పోసినవాడును, రొట్టె కోసినవాడును ప్రభుత్వపు జీతగాండ్రే. ఇండ్లు శుభ్రముగ నుండెను, వెలలు మితముగ నుండెను, లాభము ఖజానాకు చేరెను. అన్నియు ఒక్క మూసలో పోసినట్లున్నవను ఆక్షేపణయు లేకపోలేదు. భోజనవ్యాపారము ఎన్నడును బీరు వ్యాపారమును మించలేదు. 1971లో పార్లమెంటు ఈ యేర్పాటును రద్దుచేసెను; 1973లో పబ్బులు ప్రయివేటు కంపెనీలకు అమ్ముడయ్యెను.

1921 శాసనము దేశమంతటికిని మధ్యాహ్నపు మూతను శాశ్వతము చేసినది. యుద్ధకాలపు అత్యవసరము శాంతికాలపు ఆచారమైనది. పల్లెబాటలు తిరిగి రెండున్నర, మూడు గంటలకు పబ్బు చేరిన కుటుంబమునకు మూసిన తలుపులు ఎదురగుట ఈ శాసన ఫలము. వారపు దినములలో ఈ మూత తొలగినది 1988లో, ఆదివారములలో 1995లో మాత్రమే.

రెండు యుద్ధముల నడుమ, మంచి భోజనము పెట్టుటయే ధర్మముగ తలచిన ఇన్ను నిర్వాహకులు కొందఱు లేకపోలేదు. వారిలో జాన్ ఫాదర్‌గిల్ పేరొందినవాడు. ఆక్స్‌ఫర్డుషైరు లోని థేము పట్టణమున స్ప్రెడ్ ఈగిల్ అను ఇన్నును 1922లో తీసికొని, దేశదేశముల నుండి శ్రేష్ఠమైన సరకులు తెప్పించి వండించెను. నచ్చని అతిథులను మందలించుటలోను ఆయనకు పేరు కలదు. 1931లో ప్రకటించిన ఆయన దినచర్యగ్రంథము ప్రసిద్ధము. అయినను ఆయన యిల్లు ధనికులకు, విద్యావంతులకు తీర్థమయినదే గాని, సామాన్య పల్లె పబ్బునకు ఒరవడి కాలేదు.

రెండవ ప్రపంచయుద్ధము పళ్లెమును మఱింత చిక్కించినది. 1940 జనవరిలో ఆరంభమైన ఆహారపు రేషను 1954 జూలై వరకు సాగెను. 1942 నుండి భోజనశాలలలో ఒక్క భోజనమునకు అయిదు షిల్లింగుల గరిష్ఠ వెల విధింపబడెను. ఇంత కాలము లేమికి అలవాటుపడినందున, నాసి వంటకు యుద్ధమే సాకై, యుద్ధము ముగిసిన తరువాతను ఆ సాకు నిలిచినది. "ఉన్నదానితో తృప్తిపడుడు" అను మాట దేశభక్తి నుండి సోమరితనమునకు దిగజారెను.

ఈ సాకును సహింపని వాడొకడు చరిత్రకారుడగుట విశేషము. రేమండ్ పోస్ట్‌గేట్ సామ్యవాది, జి. డి. హెచ్. కోల్‌తో కలిసి ఇంగ్లండు సామాన్యజనుల చరిత్రను వ్రాసినవాడు. 1949లో ఒక పత్రికలో ఆయన, జంతుహింసా నివారణ సంఘమును అనుకరించి, "ఆహారహింసా నివారణ సంఘము" ఒకటి కావలెనని పరిహాసముగ వ్రాసెను. పాఠకులు దానిని నిజముగనే స్వీకరించి జాబులు వ్రాయసాగిరి. ఆ జాబుల నుండి 1951లో గుడ్ ఫుడ్ గైడ్ అను గ్రంథము పుట్టినది. దానికి నివేదికలు పంపినవారు జీతము లేని సామాన్య భోక్తలు. ప్రకటనలకు అందు చోటు లేదు. అంతవరకు ఇంగ్లీషువాడు చెడ్డ భోజనమును మాటాడక తిని, బిల్లు చెల్లించి, బయటకు వచ్చి గొణుగుకొనుట మర్యాదగ తలచెడివాడు. ఆ గొణుగుడును కాగితము మీద పెట్టి, ఊరు, పేరు, తేదీ వ్రాసి, పదిమందికి ఉపయోగపడు సాక్ష్యముగ మార్చినది పోస్ట్‌గేట్ చేసిన మేలు.

పబ్బులును మెల్లగ కదలినవి. కాని కదలిక అంతయు వంటవైపునకు కాదు. 1954లో జున్ను రేషను తొలగిన పిమ్మట, దాని అమ్మకము పెంచుటకు జున్ను వ్యాపారుల సంస్థయు, 1960 దశకమున పాల విక్రయ మండలియు ఒక పళ్లెమును ప్రచారము చేసినవి. రొట్టె, జున్ను, ఊరగాయ కూడిన దానికి "ప్లవ్‌మన్స్ లంచ్", అనగా నాగలిదున్నువాని భోజనమని పేరు. రొట్టెయు జున్నును పొలము పనివాడు తినినమాట నిజమే. కాని వాడు తినునప్పుడు ఆ పేరు ఎరుగడు, దానిని పబ్బులో కొనలేదు. తన యింటినుండి మూటగట్టి తెచ్చుకొన్న తిండినే వాని మనుమలకు ప్రాచీన సంప్రదాయమను పేర పబ్బు అమ్మినది. వంటవాడు లేకయే పళ్లెము నింపవచ్చు గనుక అది పబ్బులకు బాగుగ నచ్చినది.

1967లో త్రాగి మోటారు నడుపువారిని శ్వాసపరీక్షతో పట్టుకొను శాసనము వచ్చినది. పల్లె పబ్బునకు పట్టణమునుండి కారులో వచ్చు అతిథి ఇక నాలుగు గ్లాసులు త్రాగడు. గ్లాసులు తగ్గినచోట భోజనముతో పూడ్చుకొనక తప్పలేదు. అప్పుడు వచ్చినవి బుట్టలో కోడి, వేపిన రొయ్యలు, గడ్డకట్టించిన పొట్లములు, క్షణములో వేడిచేయు యంత్రములు. బల్లమీద మెనూ పెరిగినది. వెనుక వంట పెరుగలేదు. అతిథి నిరాశ రూపము మారెను: పూర్వము భోజనము లేదను నిరాశ, ఇప్పుడు కలదను మాటకు మోసపోయిన నిరాశ.

అసలు మార్పునకు మరల లెక్కలే కారణమైనవి. 1989లో ప్రభుత్వము, రెండువేలకు మించి పబ్బులున్న పెద్ద బ్రూవరీలు మించినవానిలో సగమును కట్టుబాటు నుండి విడువవలెనని ఉత్తరువు చేసెను. చాల పబ్బులు చేతులు మారినవి. పెద్ద మూలధనము లేని వంటవారికి మొదటిసారి చౌకగ పబ్బు దొరకినది. 1991లో డేవిడ్ ఐర్, మైఖేల్ బెల్బెన్ అను ఇరువురు లండనులో ఫారింగ్‌డన్ రోడ్డునందలి ఈగిల్ అను పబ్బును తీసికొని, బారు ప్రక్కనే పొయ్యి పెట్టి, ఆనాటి వంటకములను నల్లబల్లపై వ్రాసిరి. దీనికే తరువాత గాస్ట్రోపబ్ అను పేరు వచ్చినది. 1888లో చదువుకై వచ్చిన యువకుడు గాంధీ, రోజుల తరబడి అర్ధాకలితో తిరిగి, తుదకు కడుపునిండ తిన్న శాకాహారశాల ఫారింగ్‌డన్ స్ట్రీటులోనిదే. నూఱేండ్ల తరువాత, ఆ వీధికి కొనసాగింపైన బాటలోనే ఇంగ్లండు పబ్బునకును మంచి భోజనము దొరకినది.

ఈ పద్ధతి త్వరలోనే పల్లెలకు ప్రాకెను. 2001లో హెరిఫర్డుషైరులోని టిట్లీ గ్రామమున గల స్టాగ్ ఇన్ మిషెలిన్ నక్షత్రము పొందిన తొలి పబ్బుగ ప్రసిద్ధికెక్కెను. మార్లో పట్టణములోని హ్యాండ్ అండ్ ఫ్లవర్స్ పబ్బునకు 2012 మిషెలిన్ గ్రంథమున రెండు నక్షత్రములు వచ్చినవి. తుదకు 2020 డిసెంబరులో, కోవిడ్ వ్యాధి కాలమున, ఇంగ్లండులో పెక్కు ప్రాంతములందు గణనీయమైన భోజనముతో గాని పబ్బులో మద్యము ఇయ్యరాదని నియమము వచ్చెను. మాంసపు పొరలో చుట్టి వేపిన ఉడికిన గ్రుడ్డు భోజనమగునా, కాదా యని మంత్రులే చర్చించిరి. 1604 శాసనము కోరినదానిని, 416 సంవత్సరముల పిమ్మట ఒక మహమ్మారి కొన్ని వారములు అమలు జరిపినది.

ఈ చరిత్రనంతయు విజయగాథగ చెప్పుటకు వీలులేదు. 1980 ప్రాంతమున బ్రిటనులో దాదాపు 69,000 పబ్బులుండగా, 2020 నాటికి సుమారు 47,000 మిగిలినవి. పల్లెలలో మిగిలినవి చాలవఱకు భోజనము వలననే మిగిలినవి. కాని ఆ భోజనపు వెల పట్టణమునుండి కారులో వచ్చువాని చేతికి అందునంతగ, ఊరి పనివాని చేతికి అందదు. గ్లాసు చేతబట్టి సాయంకాలమంతయు కూర్చుండిన ముసలివాని బల్లపై నేడు తెల్లని గుడ్డయు, "రిజర్వు" అను చీటియు కనబడవచ్చును. తిండి నిల్వచేసికొనలేని బీదలకు అక్కఱ తీర్చుటయు ఈ యిండ్ల ప్రయోజనమే యని పాత శాసనము చెప్పిన మాట ఇచట జ్ఞప్తికి వచ్చును.

మోరిట్జ్ నాటినుండి పోస్ట్‌గేట్ నాటివరకు, నిరాశపొందిన అతిథి తన నిరాశను వ్రాసియుంచుట వలననే ఈ కథ తెలిసినది. కొంతవఱకు దాని వలననే పళ్లెము బాగుపడినది. అయితే వంటవాని మంచితనమును గాని, అతిథి కోపమును గాని నమ్ముకొని ఏ యిల్లును చిరకాలము మారలేదు. కమీషను దేనిపై లభించునో, లైసెన్సు దేనికై లభించునో, అద్దె దేనిని బట్టి కట్టవలెనో వానిని మార్చినప్పుడే మారినది. ఇప్పుడు పళ్లెము నిండినది. ఊరందరి ఇల్లు అను పేరు నిలుచునట్లు, ఆ బల్లకడ ఊరివానికిని చోటు మిగుల్చుట ఇంక జరుగవలసిన పని.